పక్క ఊరి బడితో కలిసి ఆటల పీరియడ్: మైదానం, సామాను, పీఈటీ సమయం పంచుకునే పద్ధతి

మా హైస్కూలు చుట్టూ నాలుగు ప్రాథమిక పాఠశాలలున్నాయి. రెండు మా మండలంలోవి. మిగతా రెండు వాగుకు అవతల, పక్క మండలంలో ఉన్నాయి. ఈ ఐదు బడులకూ కలిపి పీఈటీని (ఆటల టీచర్‌ని) నేనొక్కడినే. ఐదేళ్లుగా మైదానం, ఆట సామాను, నా సమయం కలిసి వాడుకుంటున్నాం. ఆ సంగతి తెలిసి ఫోన్ చేసే టీచర్లు అడిగేది ఇంచుమించు ఒకటే: "సార్, మేమూ మొదలుపెట్టాం. రెండు నెలలకే ఆగిపోయింది. ఏం తప్పు చేశాం?"

నేను చూసినంతలో సామాను చాలక ఆగినవి తక్కువ. బంతులు ఎవరి దగ్గరున్నాయో రాసుకోక, పీఈటీ ఏ రోజు ఏ బడికి వెళ్తారో తేల్చుకోక ఆగినవే ఎక్కువ. అందుకే ఇక్కడ కాగితం పని గురించి, టైమ్ టేబుల్ గురించి ఎక్కువ రాశాను. ఓపిగ్గా చదవండి.

## 1. ముందు ఎవరి దగ్గర ఏముందో లెక్క తేల్చండి

జూన్ 12న బడి తెరవగానే మొదటి రెండు వారాల్లో ఈ పని అయిపోవాలి. ఫోన్లో అడిగి రాసుకుంటే కుదరదు. "రెండు వాలీబాల్స్ ఉన్నాయి సార్" అన్న బడికి వెళ్లి బీరువా తీయిస్తే ఒకదానికి బ్లాడర్ లేదు, రెండోది ఎలుకలు కొరికేశాయి. వస్తువును చేత్తో పట్టుకుని చూశాకే రాయండి.

ఒక్కో బడిలో చూడాల్సినవి:

- మైదానం పొడవు, వెడల్పు (టేపుతో కొలిచినవి, అడుగులతో అంచనా వేసినవి కావు)
- వాన పడ్డ మర్నాడు నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి
- ప్రహరీ ఉందా, గేటుకు తాళం పడుతుందా
- తాగునీరు, ఆడపిల్లలకు విడిగా వాడుకలో ఉన్న మరుగుదొడ్డి
- పనికొచ్చే సామాను, బాగుచేయించదగ్గది, పారేయాల్సినది (మూడు వేర్వేరు వరుసల్లో)
- ఆటల మీద ఇష్టమున్న టీచర్ ఎవరైనా ఉన్నారా

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం. సామాను ఏమీ లేకపోయినా అలాంటి టీచర్ ఒక్కరుంటే ఆ బడిలో పని నడుస్తుంది.

ఇంకో సంగతి. కోతల కాలంలో చాలా ఊళ్లలో ధాన్యం ఆరబోసేది బడి మైదానంలోనే. ఆ వారాలు ఏవో ఊరి రైతుల్ని అడిగి ముందే రాసుకోండి. ఆ రోజుల్లో మైదానం ఉందనుకుని ప్లాన్ వేస్తే గొడవలవుతాయి.

## 2. ఎవరితో కలవాలో నడక దూరాన్ని బట్టి తేల్చండి

స్కూల్ కాంప్లెక్స్ (ఒక హైస్కూలు కింద కలిపిన బడుల గుంపు) జాబితాలో ఉన్నాయి కదా అని దూరపు బడుల్ని కలుపుకుని, మండలం వేరని పక్కనే ఉన్న బడిని వదిలేస్తుంటారు. పిల్లలకు మండలం సరిహద్దుతో పని లేదు. వాళ్లకు కావాల్సింది దగ్గరి మైదానం.

దూరం తేల్చడానికి ఒక మూడో తరగతి పిల్లాడితో కలిసి నడిచి చూడండి. పెద్దవాళ్లు పన్నెండు నిమిషాల్లో నడిచే కిలోమీటరుకు వరుసలో నడిచే చిన్నపిల్లలకు ఇరవై నిమిషాలు పడుతుంది. పోను ఇరవై, రాను ఇరవై. పీరియడ్ నడకతోనే సరిపోతుంది.

అందుకే మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. 5వ తరగతి వరకు పిల్లలు కదలరు, పీఈటీ, సామాను సంచీ వాళ్ల దగ్గరికి వెళ్తాయి. 6వ తరగతి నుంచి పిల్లలు వేరే మైదానానికి రావచ్చు. అది కూడా దారిలో హైవే, రైలు పట్టాలు, గట్టు లేని కాలువ లేకపోతేనే.

రెండు రాష్ట్రాల సరిహద్దులో, అంటే అశ్వారావుపేట (తెలంగాణ), జీలుగుమిల్లి (ఆంధ్రప్రదేశ్) మధ్య ఊళ్లలాంటి చోట ఉన్నవాళ్లు రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. దసరా, సంక్రాంతి సెలవుల తేదీలు రెండు వైపులా ఒకటిగా ఉండవు, కాబట్టి రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకునే టైమ్ టేబుల్ వేయాలి. మైదానం వాడుకోవడం, స్నేహపూర్వక మ్యాచ్‌లు పెట్టుకోవడం అధికారుల అనుమతితో చేసుకోవచ్చు. ఉమ్మడి జట్టుగా స్కూల్ గేమ్స్‌కు (బడుల మధ్య జరిగే పోటీలకు) వెళ్లడం మాత్రం కుదరదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

## 3. నోటి మాట వద్దు, కాగితం పెట్టండి

"మనం మనం ఒకటే కదా మాస్టారూ, కాగితాలెందుకు?" అని మొదటి ఏడాది ఒక హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు) అన్నారు. ఆయన బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన హెచ్ఎం గారికి ఏ ఒప్పందమూ కనిపించలేదు, సంచి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆయన తప్పేమీ లేదు, కాగితం లేకపోవడమే మా తప్పు.

ఒక్క పేజీ చాలు. అందులో ఉండాల్సినవి:

- కలుస్తున్న బడుల పేర్లు, ఒక్కో బడి నుంచి బాధ్యత తీసుకునే టీచర్
- ఏ మైదానం, ఏ సామాను, ఎవరి సమయం పంచుకుంటున్నారు
- వారాలు, పీరియడ్లు
- వస్తువు పోతే, పాడైతే ఎవరు ఏం చేయాలి
- పిల్లలు కదిలే రోజున ఎవరు వెంట ఉంటారు
- ఒప్పందం ఏ తేదీ వరకు (ఒక విద్యాసంవత్సరం చాలు, ప్రతి జూన్‌లో మళ్లీ రాసుకోండి)

దీని మీద అన్ని బడుల హెచ్ఎంల సంతకాలు, ఒక్కో బడి యాజమాన్య కమిటీ తీర్మానం, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి అనుమతి ఉండాలి. మండలాలు రెండైతే ఇద్దరు ఎంఈఓలకూ దరఖాస్తు ఇవ్వండి. జిల్లా మారితే డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయం దాకా వెళ్లాలి.

దరఖాస్తులో రెండు ఆధారాలు చూపించండి. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్‌లో ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని ఉంది. జాతీయ విద్యావిధానం 2020, పక్కపక్క బడులు స్కూల్ కాంప్లెక్స్‌గా ఏర్పడి టీచర్లను, వసతులను కలిసి వాడుకోవాలని చెప్పింది. ఈ రెండు వాక్యాలుంటే సంతకం పెట్టేవారికి ధైర్యంగా ఉంటుంది.

పీఈటీలకు ఒక హెచ్చరిక. ఇప్పుడు హాజరు ఫోన్ యాప్‌లో బడి ఆవరణలోనే వేయాలి. వేరే బడికి వెళ్లే రోజు మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో (పని మీద బయటికి వెళ్లేవాళ్లు రాసే పుస్తకంలో) సమయం రాసి, హెచ్ఎం సంతకం తీసుకుని బయలుదేరండి. సాయంత్రం హాజరు కూడా వేయాల్సిన చోట తిరిగి వచ్చే సమయం లెక్కలో పెట్టుకోండి. దారిలో ఏదైనా ప్రమాదం జరిగితే మీరు డ్యూటీలో ఉన్నట్టు చూపించేది ఆ ఒక్క సంతకమే.

## 4. ఒక్కో బడి ఒక్కో రకం సామాను కొనండి

సమగ్ర శిక్ష (బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం) కింద ఆట సామాను కోసం ఇచ్చే గ్రాంటు ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల వరకు ఉంటుంది. మా ఐదు బడుల లెక్క కలిపితే 45,000 వరకు వస్తుంది.

విడివిడిగా కొన్నంతకాలం ప్రతి బడీ రెండు బంతులు, ఒక క్యారమ్ బోర్డు, నాలుగు స్కిప్పింగ్ తాళ్లు కొని ఊరుకునేది. ఇప్పుడు ఒక బడి బంతులన్నీ కొంటుంది. ఒక బడి రింగులు, కోన్లు, తాళ్లు కొంటుంది. ఇంకో బడి బ్యాడ్మింటన్ రాకెట్లు, నెట్ కొంటుంది. నాలుగోది కొలత టేపు, గాలి పంపు, ప్రథమ చికిత్స పెట్టె. హైస్కూలు షాట్‌పుట్, డిస్కస్, వాలీబాల్ నెట్ లాంటి ఖరీదైనవి చూసుకుంటుంది.

డబ్బు మాత్రం ఒక బడి ఖాతా నుంచి ఇంకో బడికి పంపకండి. ఆడిట్‌లో ఇరుక్కుంటారు. ఎవరి బిల్లు వాళ్లదే, ఎవరి స్టాక్ రిజిస్టర్ వాళ్లదే. తిరిగేది వస్తువు మాత్రమే. ప్రతి వస్తువు మీద కొన్న బడి గుర్తు పెయింట్‌తో వేయండి. మార్కర్ పెన్ను నెలకే చెరిగిపోతుంది.

## 5. తిరిగే సంచి

ఇది మా ఏర్పాటుకు గుండెకాయ.

మొదట బియ్యం బస్తాలో సామాను వేసి పంపాం. మూడో వారానికి అడుగు చిరిగింది. ఇప్పుడు పాత ఫ్లెక్సీని రెండు పొరలు మడిచి, ఊళ్లో టైలర్‌తో జిప్పు, పట్టీలు వేయించాం. బండి ముందు పట్టేంత సైజు. వాన పడినా లోపల తడవదు.

ప్రాథమిక పాఠశాల సంచిలో:

- పెద్ద రబ్బరు బంతులు 5
- టెన్నిస్ బంతులు 12
- స్కిప్పింగ్ తాళ్లు 8
- రింగులు 10
- కోన్లు 12 (లేదా ఇసుక పోసిన నీళ్ల సీసాలు)
- రంగు గుడ్డ పట్టీలు, రెండు రంగుల్లో పదిహేనేసి
- 30 మీటర్ల టేపు 1
- పంపు 1, సూదులు 3
- సామాను పట్టిక, పాఠం కార్డులు

విజిల్ సంచిలో పెట్టకండి. అది నోట్లో పెట్టుకునేది, ఎవరిది వాళ్లకే ఉండాలి.

సంచిలో ముందు పోయేది పంపు సూదే. సూది లేకపోతే ఐదు బంతులూ ఉన్నా లేనట్టే. మేం ఖాళీ మాత్రల సీసాలో మూడు సూదులు వేసి, మూత బిగించి, ఆ సీసాను దారంతో పంపుకే కట్టేశాం. సూది గుచ్చే ముందు ఒక్క నీటి చుక్క అద్దితే వాల్వు చిరగదు. పొడి సూదిని బలంగా దిగ్గొట్టడం వల్లే సగం బంతులు పాడవుతున్నాయి.

సంచి ఒక బడి నుంచి ఇంకో బడికి మారేటప్పుడు ఇచ్చేవారు, తీసుకునేవారు ఇద్దరూ పట్టిక చూసి లెక్కపెట్టి సంతకం చేయాలి. ఐదు నిమిషాల పని. ఈ లెక్క పిల్లలతో చేయించండి. మా దగ్గర ఐదో తరగతి పిల్లలిద్దరు వంతులవారీగా "సామాను మంత్రులు". పెద్దలు మర్చిపోయినా వాళ్లు మర్చిపోరు. ఒకసారి నేను పదకొండు టెన్నిస్ బంతులకే సంతకం పెట్టబోతే ఒక పాప నా చేయి పట్టుకుని ఆపింది. పన్నెండోది కానుగ చెట్టు కొమ్మల్లో ఇరుక్కుని ఉంది. కర్రతో దాన్ని దింపించాకే సంతకం పెట్టనిచ్చింది.

## 6. పీఈటీ సమయం ఎలా పంచాలి

హైస్కూలు హెచ్ఎం ముందుగా అడిగేది ఇదే: "మీరు బయటికి పోతే ఇక్కడి పిల్లల్ని ఎవరు చూస్తారు?" సబబైన ప్రశ్న. వారమంతా పంచేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు.

మా పద్ధతి చెబుతాను. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లు బయటికి. రెండు వారాల్లో నాలుగు సార్లు, నాలుగు బడులు. అంటే ఒక్కో బడికి పదిహేను రోజులకోసారి పీఈటీ వస్తారు. మిగతా రోజుల్లో ఆ పాఠాన్నే క్లాస్ టీచర్ చేయిస్తారు. ఆ రెండు పీరియడ్లలో హైస్కూల్లో ఆటల పీరియడ్ పడకుండా టైమ్ టేబుల్ జూన్‌లోనే సర్దుకోవాలి, మధ్యలో మార్చడం కష్టం.

వానాకాలంలో ఆ రోజు వాన పడితే? వాయిదా వేయకండి. వెళ్లి వరండాలో యోగా, రింగు విసరడం, చదరంగం, ఆటల నియమాలు చేయించండి. ఒకసారి వెళ్లకపోతే ఆ బడికి నెల రోజుల గ్యాప్ వస్తుంది. ఆ నెలలో టీచర్‌కు నమ్మకం పోతుంది.

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. అప్పుడు ఈ పట్టిక పనిచేయదు. ఉదయం మొదటి పీరియడ్‌కు మార్చండి, తొమ్మిదిన్నర దాటాక పిల్లల్ని ఎండలో పరిగెత్తించకండి.

## 7. క్లాస్ టీచర్ చేతికి పాఠం కార్డు

పదిహేను రోజులకోసారి వచ్చే పీఈటీతో పిల్లలకు ఒరిగేది కొంచెమే. మిగతా రోజులు క్లాస్ టీచర్‌వి. వాళ్లకు ఆటలు రావని కాదు, ఏం చేయించాలో తోచక "ఆడుకోండ్రా" అని వదిలేస్తారు. అప్పుడు బలమైన ఆరుగురు మగపిల్లలు ఆడతారు, మిగతావాళ్లు గోడ పక్కన కూర్చుంటారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఒక అట్టముక్క మీద ఒక పాఠం రాయండి. 40 నిమిషాలకు: 5 నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం, 10 నిమిషాలు ఒక నైపుణ్యం, 20 నిమిషాలు ఆట, 5 నిమిషాలు చల్లబరచడం. వెనుక ఒక బొమ్మ, ఎవరు ఎక్కడ నిలబడాలో చూపిస్తూ.

వరుసల సంగతి కార్డు మీద తప్పక రాయండి. 30 మంది ఒకే వరుసలో ఒకే బంతితో నిలబడితే, ఒక్కొక్కరికి 20 సెకన్లు పట్టినా మళ్లీ వంతు రావడానికి 10 నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఒక్కో పిల్లకు రెండే వంతులు. అదే ఆరుగురేసి ఐదు వరుసలు, ఐదు బంతులైతే రెండు నిమిషాలకోసారి వంతు వస్తుంది, అంటే పది సార్లు. సంచిలో బంతులు ఐదు ఉండాలన్నది ఇందుకే.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో వాళ్లకు శిక్షణ ఇచ్చే భవిత కేంద్రం వాళ్లతో ముందే మాట్లాడండి. నడవలేని పిల్లాడిని స్కోరు రాయడానికి కూర్చోబెట్టి ఊరుకోకండి. కూర్చునే చోటు నుంచే రింగు విసరడం, బంతి దొర్లించి సీసాలు పడగొట్టడం చేయిస్తే అతనూ ఆటలో ఉంటాడు.

## 8. ఉమ్మడి మైదానంలో కోర్టు గీయడం

మూల సరిగ్గా రాకపోతే కోర్టు వంకరగా వస్తుంది. దీనికి తాడు చాలు. మూల దగ్గర ఒక మేకు కొట్టండి. ఒక గీత మీద 3 మీటర్ల దగ్గర, రెండో గీత మీద 4 మీటర్ల దగ్గర గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 మీటర్లుంటే మూల లంబంగా ఉన్నట్టు.

మొత్తం గీశాక ఎదురెదురు మూలల మధ్య కొలవండి. వాలీబాల్ కోర్టు 18 × 9 మీటర్లు, మూల నుంచి మూలకు 20.12 మీటర్లు రావాలి. బాలికల కబడ్డీ కోర్టు 12 × 8, అక్కడ 14.42. రెండు వైపులా ఆ కొలత వస్తే కోర్టు సరిగ్గా ఉన్నట్టే.

గీతలకు ముగ్గు వాడండి. పొడి సున్నం వద్దు. అది గాలికి లేచి కళ్లలో పడితే చూపుకే ప్రమాదం, చెమట కాళ్లకు అంటుకుంటే చర్మం మండుతుంది.

ఆటకు ముందు పిల్లల కన్నా ముందే ఒకరు మైదానమంతా నడవాలి. తుమ్మ ముళ్లు, సీసా పెంకులు, కుక్కలు తవ్విన గుంతలు చూసుకోవాలి.

## 9. పిల్లలు వేరే బడికి వెళ్లే రోజు

ఇక్కడ తొందరపాటు అసలు పనికిరాదు.

- తల్లి లేదా తండ్రి సంతకంతో అనుమతి పత్రం
- ఇరవై మందికి ఒక టీచర్, ఆడపిల్లలుంటే మహిళా టీచర్ తప్పనిసరి
- ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ ఉన్న పిల్లల జాబితా, వాళ్ల ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు
- ఉదయం అన్నం తిన్నారో లేదో అడగడం
- నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ప్రథమ చికిత్స పెట్టె
- బయలుదేరేటప్పుడు, చేరాక, తిరిగి బయలుదేరేటప్పుడు, వచ్చాక తలల లెక్క (నాలుగు సార్లు)
- మధ్యాహ్న భోజనం ఎక్కడ తింటారో రెండు బడుల్లోనూ ముందు రోజే చెప్పడం

ఈ చివరిది మర్చిపోతే ఒక బడిలో అన్నం మిగిలిపోతుంది, ఇంకో బడిలో చాలదు. మాకు ఒకసారి ఇలాగే జరిగింది. పద్దెనిమిది మంది పిల్లలు బిస్కెట్లతో సరిపెట్టుకున్నారు.

చీలమండ మడతపడితే బామ్ రాసి నలపకండి. చల్లటి తడిగుడ్డ చుట్టి, కాలు ఎత్తులో పెట్టి, బరువు మోపనివ్వకండి. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే, తలకు దెబ్బ తగిలితే, స్పృహ తప్పితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

సంచి ఒకే బడిలో ఉండిపోవడం. తీసుకెళ్లేవాళ్లు లేక ఇలా అవుతుంది. పీఈటీ వెళ్లే రోజునే సంచి కూడా కదిలేలా పట్టిక వేయండి.

చిన్న బడి పిల్లలు బంతులు అందించేవాళ్లుగా మిగిలిపోవడం. ఉమ్మడి ఆటల రోజున జట్లను బడులవారీగా కట్టకండి. ప్రతి జట్టులో అన్ని బడుల పిల్లలుండేలా రంగు పట్టీలు పంచండి. పక్క ఊరి పిల్లలతో స్నేహం కూడా అప్పుడే కుదురుతుంది.

వస్తువు పోతే టీచర్ జేబులోంచి కట్టించడం. ఒకసారి ఇలా చేస్తే ఆ టీచర్ మళ్లీ సంచి ముట్టుకోరు. వాడకంలో అరిగేవి, పోయేవి ఉంటాయని ఒప్పందంలోనే రాయండి. హెచ్ఎం ధ్రువీకరణతో స్టాక్ రిజిస్టర్‌లో తగ్గించండి.

ఆడపిల్లలు రావడం తగ్గిపోవడం. కారణం ఎక్కువగా మరుగుదొడ్డి, లేదా ఇంటికి చేరే వేళ. వాళ్లనే అడగండి, మహిళా టీచర్ చేత అడిగించండి. మేం ఆటను అరగంట ముందే మొదలుపెట్టాక ఏడో తరగతి అమ్మాయిలందరూ తిరిగి వచ్చారు.

## 11. స్కూల్ గేమ్స్ ఎంపికలప్పుడు

స్కూల్ గేమ్స్ పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాల్లో జరుగుతాయి. సాధన కలిసి చేసుకోవచ్చు. ఎంట్రీ మాత్రం పిల్లలు చదువుతున్న బడి తరఫునే వెళ్లాలి. మంచి ఆటగాడు కదా అని పక్క బడి పేరు మీద పంపితే, దొరికిన రోజున శిక్ష పడేది ఆ పిల్లాడికి. జూలైలోనే ప్రతి పిల్ల పుట్టిన తేదీని బడి రిజిస్టర్‌లో, ఆధార్‌లో సరిచూడండి. రెండూ కలవకపోతే సరిచేయించడానికి వారాలు పడుతుంది.

## 12. ఏప్రిల్‌లో సంచి మూసేటప్పుడు

చివరి పనిదినానికి వారం ముందే అన్ని సంచులూ హైస్కూలుకు తెప్పించండి. ఐదు బడుల టీచర్లూ కూర్చుని ఎవరి వస్తువు వాళ్లు గుర్తు చూసి లెక్కపెట్టుకోవాలి. బంతుల్లో సగం గాలి తీసేయండి, వేసవి వేడికి నిండు గాలితో ఉంటే కుట్లు విడిపోతాయి. నెట్లు ఉతికి, నీడలో ఆరబెట్టి, వేపాకు వేసి మడవండి. రబ్బరు వస్తువులు రేకుల గదిలో కాకుండా స్లాబు కింద బీరువాలో పెట్టండి. తాళం చెవి ఒకటి హెచ్ఎం దగ్గర, రెండోది కాంప్లెక్స్ హెచ్ఎం దగ్గర. ఎవరి దగ్గరుందో రిజిస్టర్ చివరి పేజీలో రాసి, తేదీ వేసి, సంతకాలు చేయించండి.